పాత విమానాల షెడ్డును రవాణా మ్యూజియంగా మార్చాలంటే

వరంగల్ పక్కన మామునూరులో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1930లో ఎయిర్‌డ్రోమ్ వచ్చింది. అటు కాగజ్‌నగర్ కాగితం మిల్లుకూ ఇటు వరంగల్ ఆజంజాహీ బట్టల మిల్లుకూ పని మీద వచ్చేవాళ్లకు అది అక్కరకొచ్చింది. 1981 దాకా అక్కడ విమానాలు దిగాయి. ఇప్పుడు అదే నేల మీద కొత్త విమానాశ్రయానికి 2025లో కేంద్రం ఆమోదం తెలిపింది. మంచిదే, మన ప్రాంతానికి కావాల్సిందే. కానీ కొత్తది కట్టే హడావుడిలో పాతది ఎట్లా మాయమవుతుందో వరంగల్ వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆజంజాహీ మిల్లు మూతపడ్డాక ఆ చోటు రూపమే మారిపోయింది.

అందుకే ఈ వ్యాసం. మీ ఊళ్లో పాత హ్యాంగర్, అంటే విమానాల షెడ్డు ఉండొచ్చు, వాడకంలో లేని రైల్వే షెడ్డు ఉండొచ్చు, పాత జిన్నింగ్ మిల్లు గోదాము ఉండొచ్చు. దాన్ని రవాణా మ్యూజియంగా మార్చాలని నలుగురు అనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ముందు, ఏది వెనుక అన్నది ఇక్కడ వరుసగా చెబుతాను. చాలామంది బండ్లు సేకరించడంతో మొదలుపెడతారు. నా మాట వినండి, అది చివరికి చేయాల్సిన పని. మీ మ్యూజియంలో మొదటి వస్తువు ఆ షెడ్డే. దాన్ని నిలబెట్టుకుంటే మిగతావి వాటంతట అవే వస్తాయి.

షెడ్డు ఎవరిదో ముందు తేల్చుకోండి

రెవెన్యూ రికార్డుల్లో ఆ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో చూడండి. పాత ఎయిర్‌స్ట్రిప్పుల భూమి ఒక్కరి చేతిలో ఉండదు. కొంత ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది, కొంత రాష్ట్ర ప్రభుత్వానిది, ఇంకొంత ఏదో శాఖ వాడకంలో ఉంటుంది. ఎవరిదో తేలాక నోటి మాట మీద ఆగకండి. లీజు ఎన్నేళ్లు, మరమ్మతు ఎవరి బాధ్యత, లీజు అయిపోతే లోపలి వస్తువులు ఎవరివి అన్న మూడూ కాగితం మీద ఉండాలి. అయిదేళ్ల లీజుకు మ్యూజియం పెట్టకండి. పైకప్పు బాగుచేసేసరికే గడువు దగ్గరపడుతుంది.

విమానాలు తిరిగే చోట అయితే ఇంకో సంగతి చూసుకోవాలి. రన్‌వే వైపు సెక్యూరిటీ గోడ లోపల ఉన్న షెడ్డులోకి జనాన్ని రానివ్వరు. కాబట్టి గోడకు ఊరి వైపున ఉన్న కట్టడమే మీకు పనికొస్తుంది. లోపల ఉండిపోయిన పాత కట్టడాన్ని కూల్చడం తప్పదనుకుంటే, కూల్చక ముందే ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని, ఒక ట్రస్సు (పైకప్పును మోసే చట్రం), ఒక తలుపు రెక్క, ఒక బోర్డు అయినా ఇప్పించమని లిఖితపూర్వకంగా అడగండి. ఇది కాంట్రాక్టర్ పని మొదలుపెట్టక ముందు అడగాల్సిన మాట. తర్వాత అడిగితే తుక్కు లారీ వెళ్లిపోయి ఉంటుంది.

ఊరిదీ జిల్లాదీ చరిత్ర ఉన్న కట్టడమైతే 2017లో వచ్చిన తెలంగాణ వారసత్వ చట్టం కింద దానికి రక్షణ అడగొచ్చు. రాష్ట్ర వారసత్వ శాఖకు ఫొటోలు, పాత పత్రాలు జతచేసి అర్జీ పెట్టండి.

సంఘం, రిజిస్టర్

కనీసం ఏడుగురు కలిస్తే సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం నమోదు చేసుకోవచ్చు. ఆ ఏడుగురిలో ఒక రిటైర్డ్ మెకానిక్, ఒక లెక్కలు రాసే మనిషి, ఒక టీచర్ తప్పకుండా ఉండేట్టు చూడండి. పెద్ద పేర్లున్నవాళ్లు గౌరవ సభ్యులుగా ఉంటే చాలు. షెడ్డు తాళం తీసి ఊడ్చే మనుషులే కమిటీలో కావాలి.

బ్యాంకు ఖాతా తెరిచిన రోజే గట్టి అట్టతో, పేజీ నంబర్లున్న రిజిస్టర్ ఒకటి కొనండి. వచ్చిన ప్రతి వస్తువుకూ ఒక నంబరు ఉండాలి. మొదట సంవత్సరం, తర్వాత ఆ ఏడాది ఎన్నో దాత, తర్వాత ఆ దాత ఇచ్చిన ఎన్నో వస్తువు. ఒకరు బస్సు టికెట్ల డబ్బా, కండక్టర్ సంచి, బ్యాడ్జి ఇచ్చారనుకోండి, సంవత్సరం, దాత నంబరు మూడింటికీ ఒక్కటే, చివరి అంకె మాత్రం ఒకటి, రెండు, మూడు. ఇచ్చినవాళ్ల పేరు, ఇచ్చిన తేదీ, దానంగా ఇచ్చారా చూపడానికి అప్పుగా ఇచ్చారా అన్నది రాసి సంతకం తీసుకోండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ పదేళ్ల తర్వాత ఇచ్చినాయన కొడుకు వచ్చి "మా నాన్న చూసుకోమని పెట్టిండు, ఇచ్చెయ్యండి" అంటే మీ దగ్గరుండే ఆధారం ఆ సంతకమే. కంప్యూటర్లో కూడా రాసుకోండి, కానీ ఇంకు పెన్నుతో రాసిన పుస్తకం మాత్రం మానకండి.

షెడ్డును ఎండలోనూ వానలోనూ చూడండి

హ్యాంగర్‌లో ఉన్న గొప్పతనం నడిమి స్తంభాలు లేకపోవడం. విమానం రెక్కలు దూరాలి కాబట్టి ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా ట్రస్సుల మీదే పైకప్పు నిలుస్తుంది. దక్కన్ ఎయిర్‌వేస్ అనే విమాన సంస్థ నడిపిన డకోటా విమానం రెక్కల వెడల్పు 95 అడుగులు. అంత వెడల్పులో మనిషి నడిచే సందు వదులుతూ ఏడు బస్సులు పక్కపక్కన నిలబెట్టొచ్చు. ఇట్లాంటి జాగా ఇవాళ కొత్తగా కట్టాలంటే ఎంతవుతుందో ఆలోచించండి. కాబట్టి లోపల గదులు గదులుగా గోడలు కట్టి, ఫాల్స్ సీలింగ్ వేసి ఆ విశాలతను చంపేయకండి. చూడవచ్చిన పిల్లవాడు లోపల అడుగుపెట్టగానే తల పైకెత్తి ట్రస్సులు చూడాలి.

ఇంజనీర్‌ను పిలవక ముందు మీరే షెడ్డును చూడండి, రెండు సార్లు. ఒకసారి మే నెల మధ్యాహ్నం, ఇంకోసారి ముసురు పట్టిన రోజు. మే నెలలో రేకుల కింద ఎంత వేడి కొడుతుందో, గాలి ఎటు నుంచి ఎటు పోతుందో తెలుస్తుంది. వానలో నీళ్లు ఎక్కడ కారుతున్నాయో గచ్చు మీద చాక్‌పీసుతో గుండ్రాలు గీయండి. వాన వెలిశాక ఆ గుండ్రాలకు నిలువుగా పైన ఏముందో చూస్తే చాలా లీకులకు రేకు చిల్లు కారణం కాదని అర్థమవుతుంది. రెండు వాలులు కలిసే చోట ఆకులు, పావురాల గూళ్లు నిండి గట్టర్ పొంగి నీళ్లు లోపలికి వస్తుంటాయి. దానికి కావాల్సింది చీపురు, ఒక రోజు కూలీ.

తర్వాత స్తంభాల అడుగు భాగం చూడండి. ఇనుప స్తంభం గచ్చులోకి దిగే చోట, నేల నుంచి జానెడు ఎత్తులో తుప్పు ఎక్కువగా తింటుంది, ఎందుకంటే మట్టీ తేమా అక్కడే నిలుస్తాయి. చిన్న సుత్తితో మెల్లగా కొట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. పొరలు లేచిపోయింది మొద్దుగా శబ్దం చేసి, రేకులు రేకులుగా రాలుతుంది. అట్లా రాలిన చోట్లన్నీ గీసిన పటం మీద గుర్తు పెట్టి స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు ఇవ్వండి. వరంగల్‌లో ఉన్నవాళ్లకు ఈ విషయంలో అదృష్టం ఉంది. 1959లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన ఎన్‌ఐటీ మన ఊళ్లోనే ఉంది. సివిల్ విభాగానికి వెళ్లి విద్యార్థుల ప్రాజెక్టుగా కొలతలు తీయించమని అడగండి. పటం వాళ్లు గీసినా, కట్టడం జనానికి పనికొస్తుందని సర్టిఫికెట్ ఇచ్చే సంతకం మాత్రం లైసెన్స్ ఉన్న ఇంజనీర్‌దే అయ్యుండాలి.

పైకప్పు ఆస్‌బెస్టాస్ రేకులైతే జాగ్రత్త. వాటిని పగలగొట్టకూడదు, డ్రిల్ చేయకూడదు, పొడి బ్రష్‌తో రుద్దకూడదు. రాలే దుమ్ములోని సన్నటి పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాల మీదికి వస్తుంది. బాగున్న రేకును కదిలించకుండా పైన పూత వేయించడం మేలు. పగిలినవాటిని అనుభవం ఉన్నవాళ్లు, తడుపుతూ, మాస్కులు పెట్టుకుని దించాలి. శ్రమదానం పేరుతో కాలేజీ పిల్లల్ని ఈ పనికి ఎక్కించకండి.

వేడికి విరుగుడు ఏసీ కాదు. అంత పెద్ద షెడ్డుకు ఏసీ కరెంటు బిల్లు ఏ సంఘమూ కట్టలేదు. రేకుల మీద తెల్లటి చల్లదనపు పూత వేయించండి. కూల్ రూఫ్‌ల కోసం 2023లో మన రాష్ట్రం ప్రత్యేకంగా పాలసీయే తెచ్చింది. కొప్పు దగ్గర వేడి గాలి బయటికి పోయే గుండ్రటి టర్బో ఫ్యాన్లు పెట్టించండి, అవి గాలికే తిరుగుతాయి. కింద రెండు వైపులా జాలి కిటికీలు ఉంటే పైన వేడి పోతుంటే కింద చల్ల గాలి వస్తుంది. ఫొటోలు, బట్టలు, కాగితాలకు మాత్రం ఒక మూలన చిన్న గది వేరుగా కట్టి అక్కడొక్కచోట ఏసీ పెట్టుకోవచ్చు.

పావురాల సంగతి తేలిగ్గా తీసుకోకండి. వాటి రెట్ట పెయింట్‌ను తింటుంది, ఇనుమునూ వదలదు. సన్న కన్నుల నైలాన్ జాలి ట్రస్సుల కింది వరుసకు కట్టండి. అప్పటికే పేరుకున్న రెట్టను పొడిగా ఊడిస్తే దుమ్ముతో ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. తడిపి, ముక్కుకు మాస్క్ కట్టుకుని ఎత్తాలి.

ఇక తలుపు. హ్యాంగర్ తలుపు నేలలో దిగేసిన పట్టాల మీద జరుగుతుంది. ఏళ్ల తరబడి మూసి ఉంటే ఆ పట్టాల గాడి మట్టితో, గడ్డి వేళ్లతో గట్టిపడి, తలుపు కదలదు. అప్పుడు అందరూ చెప్పే సలహా "కోసేసి షట్టర్ పెట్టించండి" అని. వినకండి. సన్న గడ్డపారతో గాడి తవ్వి, నీళ్లతో కడిగి, చక్రాల బేరింగులకు కిరోసిన్ పట్టించి రెండు రోజులు నాననివ్వండి. తర్వాత గ్రీజు. ఇద్దరు మనుషులు భుజం పెట్టి నెడితే కదలాల్సిన తలుపు అది. పొద్దున ఆ తలుపు జరపడమే మీ మ్యూజియంలో రోజూ చూపించే మొదటి ప్రదర్శన అవుతుంది. గాడిలో మట్టి మళ్లీ పట్టకుండా వారానికోసారి శుభ్రం చేయించండి.

బయటి దేశాల్లో ఈ పని బాగా చేసినవాళ్లను చూసి నేర్చుకోవచ్చు. ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సీప్లేన్ల కోసం కట్టిన కాంక్రీటు గుమ్మటాల హ్యాంగర్ ఉంది. దాన్ని బాగుచేసి 2012లో మ్యూజియంగా తెరిచారు. లోపల గోడలు కట్టలేదు. మధ్య ఎత్తులో నడిచే వంతెన వేలాడదీసి, కింద లెంబిట్ అనే 1930ల నాటి జలాంతర్గామిని నిలబెట్టారు. పెర్ల్ హార్బర్‌లోని 79వ నంబరు హ్యాంగర్ కూడా ఇప్పుడు మ్యూజియమే. 1941 డిసెంబర్ 7 దాడిలో తూటాలు దూసుకెళ్లిన కిటికీ అద్దాలను అక్కడ అట్లాగే ఉంచారు. మన షెడ్డు గోడ మీద ఉర్దూలో రాసిన పాత హెచ్చరిక కనిపిస్తే సున్నం కొట్టేయకండి, దాని మీద ఒక దీపం పెట్టండి.

ఏ దారుల కథ చెబుతారు?

మ్యూజియం అంటే బండ్ల పార్కింగ్ కాదు. మన ప్రాంతం దారులు ఎట్లా ఏర్పడ్డాయో ముందు కాగితం మీద రాసుకోండి. అప్పుడే ఏ బండి కావాలో, ఏది వద్దో తెలుస్తుంది.

ఉత్తర తెలంగాణకు చెప్పుకోవడానికి చాలా ఉంది. సికింద్రాబాద్ నుంచి వచ్చిన రైలు 1880లలోనే వరంగల్ తాకి, 1889కల్లా బెజవాడ చేరింది. 1920ల చివరికి కాజీపేట నుంచి బల్లార్షా లైను పూర్తయ్యాక ఢిల్లీ నుంచి మద్రాసు పోయే బండ్లకు కాజీపేట పెద్ద కూడలి అయింది. నిజామాబాద్ వైపు వెళ్లిన గోదావరి లోయ లైను మాత్రం అప్పట్లో మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య సరిగ్గా ఒక మీటరే. కాజీపేటలో 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్. ఈ రెండు కొలతల పట్టాలను నేల మీద పక్కపక్కన పరిచి పిల్లల్ని వాటి మధ్య నిలబడమనండి, ఎంత లేబుల్ రాసినా చెప్పలేని తేడా వాళ్లకు కాళ్లతోనే తెలుస్తుంది. సింగరేణి గనుల్లో బొగ్గు మోసిన టబ్బులు ఉన్నాయి. కాళేశ్వరం నుంచి సిరొంచకు గోదావరి దాటించిన పడవలు ఉన్నాయి. నిజాం రైల్వే వాళ్లు 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టిన బస్సు సర్వీసు ఇవాళ్టి ఆర్టీసీకి మూలం. హైదరాబాద్ ఆల్విన్ ఒకప్పుడు ఆ బస్సులకు బాడీలు కట్టింది. 1945లో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

వీటన్నిటికన్నా ముందు మేడారం జాతరకు గుంపులుగా కదిలిన ఎడ్లబండ్లు. నన్నడిగితే మొదట సేకరించాల్సింది ఎడ్లబండినే. పాత ఇంజన్ ఒకటి తుక్కుకు పోయినా అదే రకం ఇంజన్ దేశంలో ఎక్కడో ఒక రైల్వే మ్యూజియంలో నిలబడి ఉంటుంది. మన ఊరి వడ్రంగి చేసిన బండి ఇంకెక్కడా లేదు, పొయ్యిలో కట్టెగా రోజుకొకటి పోతోంది.

బండి తెచ్చినప్పుడు చక్రం ముందు కూర్చుని చూడండి. నడిమి తూము, దాంట్లోంచి వచ్చే ఆకులు, వాటిని చుట్టూ కలిపే వంపు కట్టెలు, అంటే పూటీలు, పైన ఇనుప పట్టా, చక్రం ఊడిపోకుండా ఇరుసు చివరన దిగేసిన సీల. పట్టాను ఎర్రగా కాల్చి, సాగినప్పుడు చక్రానికి ఎక్కించి, నీళ్లు పోసి బిగుసుకునేట్టు చేస్తారు. మేకు ఒక్కటి లేకుండా కట్టె అంతా ఆ బిగువు మీదే నిలుస్తుంది. తూము లోపల నల్లగా పేరుకున్న కందెనను గీకి పారేయకండి. గడ్డి మసిని ఆముదంలో కలిపి చేసిన ఆ కందెన కూడా చరిత్రే. కొంచెం తీసి చిన్న సీసాలో పెట్టి, దానికీ ఒక రిజిస్టర్ నంబరు ఇవ్వండి. సవారి కచ్చురం, అంటే మనుషులు ఎక్కే గూడు బండి దొరికితే గుడిసె చాపను, లోపలి గడ్డి పరుపును కూడా అడిగి తీసుకోండి.

బండ్లు తేవడం

ప్రభుత్వ సంస్థలు పక్కన పెట్టిన బస్సులు, జీపులు, లారీలు వేలంలో తుక్కుకు పోతాయి. చాలా వేలాలు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ వెబ్‌సైట్‌లో జరుగుతాయి. వేలం దాకా ఆగకుండా ఆ సంస్థకు ముందే ఉత్తరం రాసి ఫలానా రకం బండి ఒకటి మ్యూజియానికి కేటాయించమని అడగడం మేలు. తుక్కు కింద రాసేసిన బండికి ఛాసిస్ నంబరు ఉన్న ముక్కను కోసేస్తారు. కోయకుండా ఇమ్మని ఉత్తరంలోనే రాయండి, రేపు ఆ బండి ఏ డిపోలో తిరిగిందో వెతకాలంటే ఆ నంబరే దిక్కు.

సొంత మనుషుల దగ్గర నుంచి వచ్చే అంబాసిడర్లు, ఆల్విన్ పుష్పక్ స్కూటర్లు, సైకిల్ రిక్షాలకు దానపత్రంతో పాటు ఆర్‌సీ కాగితం కూడా తీసుకోండి. యాభై ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని వాహనాన్ని 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ కింద నమోదు చేయొచ్చు. మొదటి నమోదుకు ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. ర్యాలీల్లాంటివాటికి రోడ్డెక్కించే ఉద్దేశం ఉంటేనే ఆ ఖర్చు పెట్టండి. షెడ్డులో నిలబెట్టే బండికి అవసరం లేదు.

బరువైనవి తెచ్చేటప్పుడు గచ్చు సంగతి మరిచిపోకండి. బస్సు బరువు చక్రాల మీద పరుచుకుంటుంది కానీ జాకీ మీద లేపితే అంతా అరచేయంత చోట పడుతుంది. జాకీ కింద మందపాటి ఇనుప పలక వేయాలి. రైలింజన్ అయితే గచ్చు మీద పెట్టాలని ఆలోచించనే వద్దు. షెడ్డు బయట పునాది వేసి, పట్టాలు పరిచి, పైన వేరే కప్పు వేయాలి.

తెచ్చిన బండిని మొదటి వారంలో ఏం చేయాలి

పెయింట్ వేయకండి. ఈ ఒక్క మాట కమిటీ గోడ మీద రాసి పెట్టుకోండి. తళతళలాడే కొత్త రంగు కొట్టిన రోజే పాత బండి అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. లారీ వెనక చేత్తో రాసిన రాతలు, బస్సు రెక్క మీద పాత డిపో పేరు, స్టీరింగ్ మీద డ్రైవర్ అరచేతుల కింద అరిగిపోయిన చోటు, ఇవన్నీ రంగు కింద పోతే మళ్లీ రావు. రంగు రాలుతున్న చోట రాలకుండా ఆపడం వరకే మన పని.

ముందు ఆరు వైపులా ఫొటోలు తీయండి. తర్వాత ట్యాంకులో పెట్రోలు, డీజిల్ పూర్తిగా తీసేయండి, బ్యాటరీ ఊడదీసి బయట పెట్టండి. షెడ్డులో నిప్పు ప్రమాదం సగం ఇక్కడే తగ్గుతుంది. స్టాండ్ల మీద బండిని లేపి టైర్ల మీద బరువు పడకుండా చేయండి, లేకపోతే టైరు ఒకే చోట చదునైపోయి పగుళ్లిస్తుంది. ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొంచెం నూనె పోసి ఇంజన్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పండి, ఆరు నెలలకోసారి మళ్లీ తిప్పండి. పాత బస్సు బాడీలో కట్టె ఫ్రేము ఉంటుంది. దాన్ని షెడ్డులోకి తెచ్చే ముందు చెదలు పరీక్ష చేయించి, కొన్నాళ్లు వేరుగా ఉంచాలి. ఒక్క బండిలోని చెదలు పక్కన ఉన్న కచ్చురాన్ని కూడా తినేస్తాయి.

మీకు అదృష్టం కలిసొచ్చి పాత విమానం గానీ దాని కాక్‌పిట్ గానీ దొరికితే మీటర్ల డయళ్ల జోలికి పోకండి. రెండో ప్రపంచయుద్ధ కాలం నాటి డయళ్ల మీద చీకట్లో మెరిసే పూతలో రేడియం ఉండేది. మెరుపు తగ్గినా రేడియేషన్ తగ్గదు. అద్దం తెరవకుండా, ముట్టుకోకుండా, తెలిసినవాళ్లతో పరీక్ష చేయించాకే పెట్టాలి.

మంటలార్పే సిలిండర్లు కొనేటప్పుడు బండ్ల దగ్గరకు కార్బన్ డయాక్సైడ్ రకం తీసుకోండి. పొడి చల్లే రకం మంటను ఆర్పుతుంది కానీ ఆ పొడి అల్యూమినియాన్నీ వైర్లనూ తర్వాత తినేస్తుంది.

పెద్దవాళ్ల మాట

బండ్లు కొంచెం ఆలస్యమైనా ఫర్వాలేదు, మనుషులు ఆగరు. కాజీపేటలో స్టీమింజన్‌కు బొగ్గేసినవాళ్లు, హన్మకొండ నుంచి ములుగు దారిలో వానాకాలం బస్సు నడిపినవాళ్లు, మామునూరులో విమానం దిగగా చూసినవాళ్లు ఇవాళ ఎనభైల్లో ఉన్నారు. ఫోన్‌లో రికార్డింగ్ చాలు, కాకపోతే కూలర్ ఆపేయండి, ఆ చప్పుడు మాటను మింగేస్తుంది.

"మీ సర్వీసు గురించి చెప్పండి" అంటే ఎవరికైనా నోరు పెగలదు. "తాతా, బ్రేక్ ఫెయిలైతే ఏం చేసేవాళ్లు?" అనండి. "పొద్దున బండి స్టార్ట్ కావాలంటే ముందు ఏది చూసేవాళ్లు?" అనండి. చేతులు వాటంతట అవే స్టీరింగ్ తిప్పడం మొదలుపెడతాయి, మాట దాని వెంట వస్తుంది. ఏ సంవత్సరమో గుర్తు రాకపోతే "69 ఉద్యమానికి ముందా, తర్వాతా?", "86ల గోదావరి పొంగినప్పుడు మీరు ఏ డిపోల ఉన్నరు?" అని అడిగితే లెక్క దొరుకుతుంది. మాట్లాడిన తీరులోనే, వాళ్ల యాసలోనే రాసి పెట్టండి. రికార్డింగ్ జనానికి వినిపించడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం తీసుకోవడం మాత్రం మరవకండి.

లేబుళ్లు రాయడం

ఒక బండికి అరవై మాటలకు మించిన లేబుల్ ఎవరూ నిలబడి చదవరు. తెలుగు పైన, పెద్ద అక్షరాలతో. కింద ఉర్దూ, ఇంగ్లిష్. మొదటి వాక్యంలోనే కంటికి కనిపించే వస్తువును చూపించండి: "కుడి వైపు తలుపు దగ్గర ఈ తాడు చూడండి, కండక్టర్ గంట కొట్టింది దీంతోనే." ఆ తర్వాత సంవత్సరం, కంపెనీ.

రూఢి అయిన విషయాన్నీ జనం చెప్పుకునే మాటనూ కలిపేయకండి. ఆర్టీసీ బస్సుల నంబర్లలోని జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని మన దగ్గర అందరూ చెప్పుకుంటారు. ఆ మాట లేబుల్‌లో పెట్టండి, తప్పకుండా పెట్టండి, కానీ "అని చెప్పుకుంటారు" అని రాయండి. చదివే పిల్లలకు ఆ తేడా తెలియాలి.

డబ్బు

టికెట్ డబ్బుతో మ్యూజియం నడవదు. వాచ్‌మన్ జీతం, కరెంటు, బీమా వరకు వస్తే గొప్ప. పైకప్పు, స్తంభాల ఖర్చు వేరే దారిలో రావాలి. కంపెనీల చట్టం 2013 ప్రకారం సీఎస్ఆర్ కింద, అంటే కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు కింద చేయదగ్గ పనుల జాబితాలో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ కూడా ఉంది. మన ప్రాంతంలో గనులు, సిమెంటు, కరెంటు సంస్థలు ఉన్నాయి కాబట్టి అడగడానికి తలుపులు తక్కువేం లేవు. మీ సంఘం ముందుగా సీఎస్ఆర్ ఫారం నింపి కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర నమోదై ఉండాలి, లేకపోతే కంపెనీకి ఇవ్వాలని ఉన్నా ఇవ్వలేదు. కేంద్ర సాంస్కృతిక శాఖకు మ్యూజియంల గ్రాంటు పథకం ఒకటి ఉంది. దానికి అర్జీ పెట్టేటప్పుడు మొదట అడిగేది మీ వస్తువుల జాబితా, ఆడిట్ లెక్కలు. రిజిస్టర్ మొదటి రోజు నుంచే రాయమన్నది ఇందుక్కూడా.

డబ్బు రాగానే గేటు దగ్గర ఆర్చి కట్టకండి. మొదటి రూపాయి పైకప్పుకు, రెండోది టాయిలెట్లకు, తాగే నీళ్లకు, వీల్‌చైర్ ఎక్కే ర్యాంపుకు.

తెరిచే ముందు, తెరిచాక

అంతా పూర్తయ్యాకే తెరుద్దామని కూర్చుంటే ఎప్పటికీ తెరవరు. షెడ్డు భద్రమని సర్టిఫికెట్, ఫైర్ అనుమతి చేతికి వచ్చాక నాలుగు బండ్లతోనే నెలకో ఆదివారం తలుపు జరపండి. మరమ్మతు జరుగుతుండగా చూపించడం కూడా ప్రదర్శనే, తాడు కట్టి అవతల మెకానిక్ పని చేస్తుంటే జనం ఎంతసేపైనా నిలబడతారు. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక టూర్ బస్సులు వరంగల్ మీదుగా పెరిగాయి. ఆ ట్రావెల్స్ వాళ్లకు మీ ఆదివారాల జాబితా ముందే ఇవ్వండి. స్కూళ్లకు మాత్రం వారం మధ్యలో, పొద్దున పూట రమ్మనండి, ఎండాకాలం పదకొండు దాటితే ఏ పూత వేసినా షెడ్డులో పిల్లలు ఉండలేరు.

ఏటా మే చివరి వారంలో, తొలకరి పడక ముందే, గట్టర్లు ఎక్కి శుభ్రం చేయించండి, రేకుల బోల్టులు బిగించండి, స్తంభాల అడుగున తుప్పు నిరోధక పూత చూసుకోండి. దసరాకు ఆయుధపూజ రోజు డ్రైవర్లు, మెకానిక్‌లు కుటుంబాలతో వచ్చి బండ్లకు పూజ చేస్తామంటారు. చేయనివ్వండి, కాకపోతే పసుపు కుంకుమలు రంగు మీద కాకుండా ముందు కట్టిన గుడ్డ మీద పెట్టమనండి, గుమ్మడికాయ షెడ్డు బయట కొట్టమనండి. నిమ్మకాయ రసం పడితే పాత ఇనుము మరుసటి రోజుకే మచ్చ పడుతుంది. ఆ రోజు వచ్చిన డ్రైవర్లలో ఇంకా రికార్డు చేయనివాళ్లు ఎవరున్నారో చూసి, ఫోన్ నంబర్లు రాసుకోండి.